మైనస్ ఎనభైలో సాక్షి

నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు ఏడుస్తారు, తర్వాత విషయం చెబుతారు. ఈ పెద్దాయన ఏడవలేదు. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. నా ఆఫీసులోని ఒంటి చెయ్యి కుర్చీలో కూడా స్టీరింగు ముందు కూర్చున్నట్టే నిటారుగా కూర్చున్నాడు.

"మా కోడలు నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ల్యాబులో శుక్రవారం సాయంత్రం మెట్ల మీంచి పడింది బాబూ. ఇవాళ సోమవారం. ఇంకా కళ్ళు తెరవలేదు. మా అబ్బాయి ఆసుపత్రిలో దాని మంచం పక్కనే ఉన్నాడు. కావాలనే దూకిందని ల్యాబువాళ్ళు కాయితం రాస్తున్నారు. మధ్యాహ్నం మూడింటికి సంతకాలు."

"ఎందుకు దూకిందంట?"

"ఫ్రీజర్ తలుపు తెరిచి వదిలేసిందట. అందులో నలభై మంది ఒంట్లోంచి తీసిన కండ ముక్కలున్నాయట. పాడైపోయాయట. ఆ సిగ్గుతో దూకిందట." ఒక్కో 'ట' దగ్గరా ఆయన బ్రేకు వేశాడు. "దాని పేరు మీద ఆ మాట పడకూడదు. అది లేచేసరికి దాని ఉద్యోగం దానికి ఉండాలి. నాకు కావలసింది అంతే."

"చివరిసారి మీతో ఎప్పుడు మాట్లాడింది?"

"శుక్రవారం అయిదూ ముప్పై ఏడుకి ఫోన్ చేసింది. లేటవుతుందని చెప్పింది."

కళ్ళజోడు కోసం జేబు తడుముకుంటుంటే దాంతోపాటు మాత్రల షీటు ఒకటి బయటికొచ్చింది. గబుక్కున లోపలికి తోసేశాడు. ఆ వయసులో ఎవరి జేబులో మాత్రలుండవు? నేను పట్టించుకోలేదు. అందుకు తర్వాత నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

డిటెక్టివ్‌ని కాకముందు నేను పద్దెనిమిదేళ్ళు ఫ్రిజ్ మెకానిక్‌ని. వేలిముద్రల గురించి నాకు తెలిసింది అంతంతమాత్రం. చల్లదనం ఎటు పోతుందో, ఎందుకు పోతుందో అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. ఫ్రీజర్ అన్న మాట వినగానే కేసు ఒప్పేసుకున్నాను.

ల్యాబు చేరేసరికి పదకొండూ పది. పెద్దాయన్ని వరండా బెంచీ మీద కూర్చోబెట్టి రెండో అంతస్తుకి వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు. బయటి చెప్పులు అక్కడ విడిచి, లోపలికి తెల్ల రబ్బరు చెప్పులు వేసుకోవాలి. బయటికొచ్చేటప్పుడు రబ్బరువి విడిచి మళ్ళీ సొంతవి. మూడో అరలో గోధుమరంగు ఆడ చెప్పుల జత ఒకటి ఎవరూ ముట్టుకోకుండా ఉంది.

"ఆమెవే. శుక్రవారం నుంచీ అక్కడే ఉన్నాయి" అని వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూడక్కర్లేదు. ఒకప్పుడు నా దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, ఇప్పుడు ఈ ల్యాబు నడిపే మందుల కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరైన మహానుభావుడు. చొక్కా మీద ముడత పడితే అన్నం సహించదు. నేనే పెట్టాను ఆ పేరు, ఇస్త్రీ అని.

"గురువుగారూ, ఈ ముసలాయన దగ్గర ఫీజు తీసుకుంటున్నారా, దానం చేస్తున్నారా? కేసు అయిపోయింది."

"అయిపోతే నువ్వెందుకొచ్చావు?"

"మీరొస్తున్నారని తెలిసి."

"మంచిది. ఆమె పడ్డప్పుడు కాళ్ళకి ఏ చెప్పులున్నాయి?"

"తెల్లవి. ల్యాబు చెప్పులు." ఇస్త్రీ నవ్వాడు. "చావబోయే మనిషి చెప్పులు మార్చుకుంటుందా?"

"భుజానికి ఏముంది?"

నవ్వు కొంచెం తగ్గింది. "బ్యాగు."

"బ్యాగులో?"

"పర్సు, ఇంటి తాళాలు, కడిగిన టిఫిన్ బాక్సు."

"చావబోయే మనిషి టిఫిన్ బాక్సు కడిగి సర్దుకుంటుందా? ఆమె ఇంటికి బయల్దేరింది. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా మర్చిపోని చెప్పులు మర్చిపోయేంత తొందరగా బయల్దేరింది. రబ్బరు చెప్పులు, సాయంత్రం కడిగిన తడి మెట్లు, పరుగు. జారింది."

"ఎందుకంత తొందర?"

అది నాకూ తెలీదు. తెలీదని వాడి ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక ఫ్రీజర్ ఎక్కడని అడిగాను.

నిలువు బీరువాలా ఉంది. మైనస్ ఎనభై డిగ్రీలు. తలుపు మీద చేతిరాతతో ఒక కాయితం: 'పట్టుకుని మాట్లాడుకోకండి, మూసేసి మాట్లాడుకోండి.' ఆమె రాతే అన్నాడు ఇస్త్రీ. అలాంటి మనిషి తలుపు తెరిచి వదిలేసిందంటే నా మనసు అక్కడే ఒప్పుకోలేదు. మనసు ఒప్పుకోకపోవడం సాక్ష్యం కాదు గనక పనిలోకి దిగాను.

పక్కన గోడకి టెంపరేచరు గీసే యంత్రం. భోజనం పళ్ళెమంత గుండ్రటి కాయితం వారానికి ఒక చుట్టు తిరుగుతుంటే పెన్ను దాని మీద గీత గీస్తుంది. ప్రతి సోమవారం వాచ్‌మన్ పాత కాయితం తీసి ఫైల్లో పెడతాడు, కొత్తది తగిలిస్తాడు. ఫైలు ఎవరూ తెరవరు. పోయిన గురువారం మాత్రం ల్యాబు డైరెక్టరు తెరిచాడట. అంతకు ముందు ఆదివారం, అంటే ఇవాళ్టికి ఎనిమిది రోజుల కింద, పొద్దున పదీ నలభై నుంచి సాయంత్రం నాలుగూ పది దాకా ఫ్రీజర్ వేడెక్కినట్టు అందులో దొరికిందట. ఆ ఆదివారం ల్యాబుకి వచ్చింది ఆమె ఒక్కతే. వాచ్‌మన్ రిజిస్టరులో ఉంది. లోపలికి తొమ్మిదీ యాభై, బయటికి పదీ ఇరవై.

"ఇంకేం కావాలి?" అన్నాడు ఇస్త్రీ కాయితం నా ముందు పెట్టి.

చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు చూశాను. తర్వాత నవ్వొచ్చింది.

"ఇక్కడ చూడు. మైనస్ ఎనభైలో ఉన్న గీత పదీ నలభైకి నిట్టనిలువుగా లేచి ఇరవై ఆరుకి పోయింది. నాలుగూ పదికి మళ్ళీ నిట్టనిలువుగా కిందికి దిగింది. ఇంత ఇనుప బీరువా, ఇంత మంచు, అయిదు నిమిషాల్లో గది వేడికి వచ్చేస్తుందా? తలుపు బార్లా తెరిచినా గంటలు పడుతుంది. అంతకన్నా పెద్ద వింత, అయిదు నిమిషాల్లో మళ్ళీ మైనస్ ఎనభైకి దిగడం. అలాంటి ఫ్రీజర్ ఉంటే నాకు చెప్పు, ఇల్లమ్మి కొంటాను."

"అయితే?"

"వేడెక్కింది ఫ్రీజర్ కాదు. దాన్ని కొలిచే తీగ."

లోపలి గోడల మీద మంచు తెల్లగా, పొడిగా, గోటితో గీస్తే రాలేలా ఉంది. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచు గాజులా ఉంటుంది. తలుపు తెరిచిపెట్టి అలాగే నిలబడ్డాను. రెండు నిమిషాలకి అలారం చెవులు చిల్లులు పడేలా మొదలైంది. ఇస్త్రీ చెవులు మూసుకున్నాడు. అలారానికి వేరే తీగ. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

తలుపు మూసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేలమీద ఫ్రీజర్ కుడి చక్రం దగ్గర్నుంచి కొడవలి వంకరలో కొత్త గీత. ఆ చక్రం తిరగదు, బిగుసుకుపోయింది. గోడనుంచి జరపాలంటే ఈడ్వాలి, ఈడ్చాలంటే ఇద్దరు కావాలి. వెనక్కి టార్చి వేశాను. కొలిచే తీగ లోపలికి వెళ్ళే చిన్న రంధ్రం చుట్టూ మెత్తిన లప్పం తెల్లగా, మెత్తగా ఉంది. పక్క రంధ్రానిది పసుపు తిరిగి రాయిలా ఉంది.

ఇస్త్రీ కూడా వంగి చూశాడు. చొక్కా నలుగుతుందన్న ధ్యాస కూడా లేదు వాడికి.

వాచ్‌మన్ని గేటు దగ్గర పట్టుకున్నాను. పెద్దగా బెదిరించలేదు.

"ఆ ఆదివారం అలారం మోగిందా?"

"లేదు సార్. మోగితే ఈ వీధంతా లేస్తుంది కదా."

"నీతోపాటు ఫ్రీజర్ జరిపిందెవరు?"

ఎవరైనా జరిపారా అని అడిగితే లేదనేవాడు. నీతోపాటు ఎవరు అన్నాను గనక నీళ్ళు నమిలాడు. "సార్... నా ఉద్యోగం..."

"పోదు. చెప్పు."

"డైరెక్టరుగారే. వెనకాల ఏదో పడిపోయింది, కాస్త పట్టు అన్నారు. పదిన్నర దాటాక. నాలుగింటికి మళ్ళీ వచ్చి సర్దేద్దాం పట్టు అన్నారు."

"రిజిస్టరులో ఆయన పేరు లేదేం?"

వాచ్‌మన్ నా మొహం వింతగా చూశాడు. "సార్ సంతకం ఎందుకు పెడతారు సార్? అది మాకు కదా!"

అక్కడ అదే ఆచారం. రిజిస్టరు కింది వాళ్ళకి. పెద్దవాళ్ళు గాలిలా వస్తారు, గాలిలా పోతారు. ఆమె ఒక్కతే వచ్చిందని రిజిస్టరు చెప్పింది అందుకే.

పన్నెండున్నరకి డైరెక్టరు గదిలోకి వెళ్ళాను. అరవై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఆదివారం ఎక్కడున్నారంటే, పక్క ఊళ్ళో కూతురింటికి వెళ్ళానన్నాడు. సరేనని తలూపాను. అబద్ధాన్ని దొరికిన వెంటనే పట్టుకోకూడదు, ఇంకో రెండు పిల్లలు పెట్టనివ్వాలి.

"మీరిక్కడ పరీక్షిస్తున్న కొత్త మాత్ర దేనికండీ? నేను చదువుకున్నవాణ్ణి కాదు, అర్థమయ్యేలా చెప్పండి."

"మనం పీల్చే ఆక్సిజనే మనల్ని కొంచెం కొంచెం కొరుకుతుంటుంది. కణాల్లో చురుకైన ఆక్సిజన్ రేణువులు పుడతాయి. వాటిని ఆపే శక్తి శరీరానికి చాలకపోతే దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. అవి పోయి ప్రోటీన్లకి తగిలితే వాటి మీద కార్బొనైల్ అనే మచ్చ పడుతుంది. ప్రోటీన్ కార్బొనైలేషన్. వయసుతో పెరుగుతుంది. మా మాత్ర దాన్ని తగ్గించాలి."

"తుప్పు లాంటిదన్నమాట."

"అనుకోండి."

"తుప్పయితే గీకేయొచ్చు."

"ఇది గీకలేం. శరీరం చాలా దెబ్బల్ని మాన్పుకుంటుంది, ఈ మచ్చని మాత్రం చెరపలేదు. మచ్చపడ్డ ప్రోటీన్ని ముక్కలు చేసి పారేయడం ఒక్కటే దారి. పారేసే వేగం కన్నా పడే వేగం ఎక్కువైతే పేరుకుపోతుంది. కండ, కాలేయం, మెదడు మెల్లగా మొరాయిస్తాయి."

నలభై మంది వలంటీర్లు. మాత్ర మొదలుపెట్టే ముందు తొడ నుంచి బియ్యపు గింజంత కండ, మూడు నెలల తర్వాత ఇంకో గింజంత. దాన్ని నూరి ఒక ద్రావకం కలిపితే పసుపు రంగు వస్తుంది. ఎంత మచ్చ ఉంటే అంత చిక్కటి పసుపు. మా పెద్దాయన కోడలు పోయిన బుధవారం ఆ పరీక్ష చేసింది. గురువారం ఫలితాలు తెచ్చి డైరెక్టరు బల్ల మీద పెట్టింది. తగ్గాల్సిన మచ్చ రెట్టింపయింది.

"ముక్క బయట పెడితే గాలికి కూడా ఆ మచ్చే పడుతుంది. ఆదివారం అయిదున్నర గంటలు వేడిలో ఉన్న ముక్కలవి. ఆ అంకెలకి విలువలేదు. పాపం, నేను చార్టు చూపించేసరికి ఆ అమ్మాయి మొహం పాలిపోయింది" అన్నాడు డైరెక్టరు జాలిగా.

"అందుకని?"

"మూడింటికి రెండో విడత మొదలుపెడుతున్నాం. డోసు రెట్టింపు. కొత్త ముక్కలు తీసి మళ్ళీ చూస్తాం."

ఆమె నోటుబుక్కు అడిగాను. ఇచ్చాడు. అందులో ఆయనకేం భయం లేదు, అంకెలు విలువలేనివని అప్పటికే రాసేశాడు కదా.

బుధవారం పేజీలో ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు, పక్కన అంకెలు. మనుషుల పేర్లు ఆమెకి తెలీవు, నంబర్లే. నాలుగున్నర, నాలుగుంపావు, అయిదు. ఇరవై మూడో నంబరు దగ్గర ఆరు పాయింటు ఎనిమిది. అన్నిటికన్నా ఎక్కువ. పేజీ అడుగున నలభై ఒకటో వరస. దానికి నంబరు లేదు. 'సాక్షి' అని రాసుంది. పక్కన రెండు పాయింటు ఒకటి. పేజీలు వెనక్కి తిప్పాను. పరీక్ష చేసిన ప్రతిరోజూ చివర సాక్షి ఉంది. రెండు. రెండూ రెండు. రెండూ ఒకటి. నాలుగు నెలలుగా కదల్లేదు.

"ఎవరండీ ఈ సాక్షి?"

డైరెక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "తెలీదు. మా పద్ధతిలో అలాంటిదేం లేదు."

వరండాలోకి వెళ్ళి పెద్దాయన్ని అడిగాను. ఆ రోజు మొదటిసారి ఆయన మొహంలో నవ్వులాంటిది కనిపించింది.

"అది మేక కార్జం బాబూ. నాలుగు నెలల కింద అరకిలో తెమ్మంటే నేనే తెచ్చాను. వండుతుందని సంబరపడ్డాను. గోరంత ముక్కలు కోసి, డబ్బాలో సర్ది, ల్యాబుకి పట్టుకుపోయింది. 'ఇదేంటే?' అంటే, 'మామయ్యా, రోజూ ఒక ముక్క పరీక్షలో పెడతాను. ఒకే మేక కదా, ఎప్పుడూ ఒకే అంకె రావాలి. రాకపోతే తప్పు నాదో, ఫ్రీజర్‌దో అని తెలుస్తుంది' అంది. డైరెక్టరుగారికి చెప్పలేదట. మటన్ కొట్టు సరుకు ల్యాబులోకి తెచ్చిందని తిడతారని."

ఫ్రీజర్ మూడో అరలో, కండ ముక్కల పెట్టె పక్కనే, ఆనుకుని, ఉంది ఆ డబ్బా. మూతమీద 'పారేయొద్దు' అని. లోపల ఇంకా పదిహేడు ముక్కలు. డబ్బాని ఇస్త్రీ చేతిలో పెట్టాను.

"ఆదివారం నిజంగా వేడెక్కి ఉంటే పక్కనున్న కార్జానికీ మచ్చ పెరగాలి. బుధవారం దాని అంకె రెండూ ఒకటి. ఎప్పటిలాగే. అంటే ఫ్రీజర్ చల్లగానే ఉంది. మనుషుల అంకెలు నిజం. మాత్రే తుప్పు పట్టిస్తోంది."

ఇస్త్రీ డబ్బా మూత మీది రాత మళ్ళీ చదివాడు. చలికి వేళ్ళు ఎర్రబడుతున్నా లోపల పెట్టలేదు.

"గురువుగారూ, కంపెనీ నాకు చెప్పింది ఇది కాదు."

"నువ్వు అడిగింది కూడా ఇది కాదురా. మూడున్నరేళ్ళు నా దగ్గర ఉండి చొక్కా మడత పెట్టడమే నేర్చుకున్నావు."

వాడికి కోపం వచ్చింది. "మీరు మాత్రం? క్లయింటు ఏం చెబితే అది నమ్మి పరిగెత్తుకొచ్చారు. ఆమె అంత తొందరగా ఎందుకు పరిగెత్తిందో మీ దగ్గర జవాబు లేదు. చివరి ఫోను ఇంటికే కదా? లేటవుతుందని చెప్పిందని ముసలాయన మాకూ చెప్పాడు. అలాంటి మనిషి మూడు నిమిషాల్లో, అయిదూ నలభైకల్లా, మెట్లమీద పరిగెడుతుందా?"

అది నాకు చెంపదెబ్బలా తగిలింది. వాడన్నది నిజం. చెప్పులు చూసినప్పుడే నాకు తట్టాల్సిన ప్రశ్న అది.

అయినా టైము చూస్తే ఒకటీ యాభై. ముందు డైరెక్టరు పని చూడాలి. ఇద్దరం లోపలికి వెళ్ళాం. నిలువు గీత, లప్పం, వాచ్‌మన్, కార్జం, ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత కేకలేశాడు, చివరికి తేలు కుట్టిన దొంగలా గమ్మున కూర్చున్నాడు.

"నాకు అర్థంకానిది ఒక్కటేనండీ. తీగ బయటికి లాగింది ఆదివారం. పరీక్ష బుధవారం. బుధవారం వచ్చే అంకెలు చెడ్డవని ఆదివారమే ఎలా తెలిసింది మీకు? జబ్బు చూడకముందే చీటీ రాసిన డాక్టర్ని మిమ్మల్నే చూశాను."

ఆయన పెదాలు తడుపుకున్నాడు. "ఎలుకల్లో వచ్చినంత మాత్రాన మనుషుల్లోనూ రావాలని లేదు. చాలా మందులు..."

సగంలో ఆగిపోయాడు.

"ఎలుకల్లో ఏం వచ్చింది సార్?" అన్నాడు ఇస్త్రీ. చాలా నెమ్మదిగా అడిగాడు. వాడు నా శిష్యుడని నాకు గర్వం కలిగింది ఆ ఒక్కసారే.

ఇస్త్రీ తలుపుకి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుని పోలీసులకి ఫోన్ చేశాడు. తర్వాత కంపెనీకి కూడా చేశాడు. ఆ రెండో ఫోనుతో వాడి ఉద్యోగం ఊడుతుందని ఇద్దరికీ తెలుసు.

రెండున్నరకి మాత్రలిచ్చే కౌంటరు మూయించాం. కింద హాల్లో అప్పటికే ముప్పై మందికి పైగా వరసలో ఉన్నారు. చాలామంది పెద్దవాళ్ళు. ప్రతివాళ్ళ చేతిలో ఖాళీ అయిన మాత్రల షీటు. పాత షీటు చూపిస్తేనే కొత్తది. ఒక్క మాత్ర మిగిలినా ఎందుకు మిగిలిందో నర్సుకి చెప్పాలి, అది పుస్తకంలో రాస్తారు. ల్యాబువాళ్ళు వలంటీర్లకి మంచి చెడ్డా ఏదీ చెప్పకూడదు, చెబితే ఉద్యోగం ఉండదు. గోడమీద పెద్దక్షరాల్లో రాసుంది.

గెలిచానని నాకు ఆనందం ఉండాలి. ఆమె పేరుమీద పడ్డ మాట పోయింది, నలభై మందికి రెట్టింపు డోసు ఆగింది. కానీ ఇస్త్రీ వేసిన ప్రశ్న పంట్లో ఇరుక్కున్న పీచులా బాధిస్తోంది. నోటుబుక్కు చివరి పేజీ తీశాను. శుక్రవారం. ఆ పేజీలో ఒకే నంబరు, మూడుసార్లు.

ఇరవై మూడు: ఆరూ ఎనిమిది. ఇరవై మూడు: ఆరూ తొమ్మిది. ఇరవై మూడు: ఆరూ ఎనిమిది. టైము అయిదూ ఇరవై. ఆ తర్వాత పేజీ ఖాళీ.

కౌంటరు నర్సుని అడిగాను, శుక్రవారం సాయంత్రం ఆమె మీ దగ్గరికి వచ్చిందా అని.

నర్సు అటూ ఇటూ చూసింది. "వచ్చిందండీ. అయిదున్నరకి. 'ఇరవై మూడో నంబరు మనిషి ఎవరో ఒక్కసారి చూపించక్కా, చాలా ఎక్కువగా ఉంది, నాకు భయంగా ఉంది' అని బతిమాలింది. చూపించకూడదు. చూపించాను. ఫైలు తెరిచి చూసి పైకి పరిగెత్తింది. బ్యాగుకేమో అనుకున్నా."

"ఆ ఫైలు ఇవ్వండి."

పేరు చూడలేదు, అడ్రసు చూడలేదు. మొదటి పేజీకి పిన్ను కొట్టిన ఫొటో ఒక్కటే చూశాను. స్టీరింగు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్న మనిషి.

వరండా బెంచీ దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందా బాబూ? దాని మీద ఏం లేదు కదా?"

"ఏం లేదు. మీ కోడలు చేసిందంతా సరైన పని." "పెద్దాయనా, శుక్రవారం ఫోన్లో ఆమె నిజంగా ఏమంది?"

ఆయన మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

"మీకు ఒక్క అబద్ధం చెప్పాను. ల్యాబువాళ్ళ చుట్టాలు ఇందులో చేరకూడదని రూలు. మోకాళ్ళు నీరసంగా ఉంటాయి, బలం వస్తుందంటే మా చెల్లెలి అడ్రసు ఇచ్చి, దానికి తెలీకుండా చేరాను. శుక్రవారం ఎలా తెలిసిందో... 'మామయ్యా, ఆ మాత్రలు మీరే వేసుకుంటున్నారా?' అంది. ఏడుస్తోంది. అవునమ్మా అన్నాను. 'ఇంకొక్కటి కూడా వేసుకోకండి, నేను వచ్చేస్తున్నాను, ఇప్పుడే వచ్చేస్తున్నాను' అని పెట్టేసింది."

అదీ ఆ తొందర. చెప్పులు మర్చిపోయిన తొందర.

"మరి ఈ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే దాని ఉద్యోగం పోదూ? వలంటీరుకి చెప్పిందని ఒక నేరం, చుట్టాన్ని చేర్చిందని ఇంకో నేరం."

"ఆమె వద్దన్నాక మాత్రలు ఆపేశారు కదా?"

ఈ ఒక్కదానికి అవునంటే చాలని నేను కోరుకున్నాను. దేవుణ్ణి పెద్దగా నమ్మనివాణ్ణి, ఆ క్షణంలో నమ్మాను. డైరెక్టరు మాటే చెవుల్లో తిరుగుతోంది, ఈ మచ్చ చెరగదని.

పెద్దాయన జేబులోంచి షీటు తీశాడు. నాకు కనపడేలా రెండు చేతులతో సాపుగా పట్టుకున్నాడు.

"మాత్ర మిగిలితే ఎవరు వద్దన్నారని అడుగుతారు కదా బాబూ. శనివారం, నిన్న, ఇవాళ పొద్దున కూడా వేసుకున్నాను" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు. "చూడండి, ఒక్కటి కూడా మిగల్లేదు."